ముందు మీరు వెళ్ళండి సార్!

నా జీవితంలో నేను గోల్ఫ్ ఆడింది ఒకే ఒక్క పూట. ఆ పూట బంతులు పోగొట్టాను, కర్రతో నేల తవ్వాను, ఇసుకలో బోర్లా పడ్డాను. ఇవన్నీ చిల్లర సంగతులు, వీటికి నవ్వుకుని ఊరుకోవచ్చు. ఇప్పుడు చెప్పబోయేది అసలు ఘనకార్యం. ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, ఎవరితోనూ పోట్లాడకుండా, చేతులు జోడించి చిరునవ్వులు చిందిస్తూ, నాకు ప్రతి ఆదివారం అన్నం పెట్టిన మనిషి కొంప ఎలా ముంచానో చెబుతాను. మీరు హాయిగా నవ్వండి. నేను మాత్రం ఈ కథ చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ మొహంలోకి చూడలేను. రాస్తున్నాను కాబట్టి ఆ బాధ తప్పింది.

ఎనభయ్యో దశకం మొదటి రోజులు. ఇంజినీరింగ్ ప్యాసై జంషెడ్‌పూర్‌లో ఒక కర్మాగారంలో ట్రైనీగా చేరాను. మాది విజయనగరం. మా నాన్న బడిపంతులు. పెద్దవాళ్ళు ఎదురైతే పక్కకి తప్పుకోవాలి, గుమ్మం దగ్గర కలిస్తే వాళ్ళని ముందు వెళ్ళనివ్వాలి, వాళ్ళు కూర్చున్నాకే మనం కూర్చోవాలి. ఇవన్నీ ఎక్కాల కంటే ముందు నేర్పారు. అలాంటివాణ్ణి తీసుకొచ్చి పెద్దవాళ్ళు తప్ప ఇంకెవరూ లేని ఊళ్ళో పడేశారు. ట్రైనీ మీద ఇంజినీరు, ఆయన మీద సూపరింటెండెంటు, ఆయన మీద చీఫ్, ఆయన మీద ఇంకో ఆయన. పొద్దున్న గేటు దగ్గర మొదలుపెడితే సాయంత్రం గేటు దాకా నమస్కారాలు పెట్టిపెట్టి నా మోచేతులు లాగేవి. ఇంత చేసినా ఒక్కరంటే ఒక్కరు నా పేరు అడిగిన పాపాన పోలేదు. పైగా ట్రైనింగు గడువు ముగిసే రోజులు దగ్గర పడ్డాయి. ఉద్యోగం ఖాయం చేస్తారో, పరుపు చుట్టుకుని రైలెక్కమంటారో తెలీదు. రాత్రిళ్ళు నిద్రలో కూడా "గుడ్ మార్నింగ్ సార్" అనేవాణ్ణట. హాస్టల్లో నా పక్క మంచంవాడు చెప్పాడు.

ఆ ఊళ్ళో నన్ను మనిషిగా లెక్కేసినవాళ్ళు ఇద్దరే. మా మిల్లులో అసిస్టెంట్ సూపరింటెండెంటు అప్పలస్వామి గారు, ఆయన భార్య వరాలమ్మ గారు. వాళ్ళది శ్రీకాకుళం వైపు. అప్పలస్వామి గారి తండ్రి కొలిమికి ఇటుకలు మొయ్యడానికి ఆ ఊరొచ్చినాయన. అప్పలస్వామి గారు చిన్నప్పుడు ఊరి గోల్ఫ్ మైదానంలో దొరల సంచులు మోశారు. తరవాత మిల్లులో ఖలాసీగా చేరి, ఫోర్‌మన్ అయ్యి, ఉద్యోగం చివరికొచ్చేసరికి ఆఫీసరయ్యారు. ఆఫీసరు కాగానే చేసిన మొదటి పని గోల్ఫ్ క్లబ్బులో సభ్యుడిగా చేరడం.

"ఒకప్పుడు ఆల సంచి నేను మోసినాను బావూ. ఇప్పుడు నా సంచి మంగ్రా మోత్తన్నాడు. ఇంకేటి కావాల మనిసికి?" అనేవారు. మళ్ళీ ఆయనే, "ఒక్కటే కావాల" అనేవారు.

ఆ ఒక్కటీ ఏమిటో మా మిల్లులో అందరికీ తెలుసు. క్లబ్బు గోడకి నున్నగా మెరిసే టేకు బోర్డు ఒకటుంది. ఏటా వేసవిలో జరిగే మెడల్ పోటీలో గెలిచినవాడి పేరు దాని మీద బంగారు రంగుతో రాస్తారు. పైన పాత దొరల పేర్లు, కింద చటర్జీలు, మెహతాలు, సిన్హాలు. ఆ బోర్డు కిందే అప్పలస్వామి గారు చిన్నప్పుడు దొరల బూట్లు తుడిచారట. దాని మీద తన పేరు చూసుకోవాలని ఆయన కోరిక. వచ్చే నెలలో రిటైర్మెంటు. రిటైరయితే క్వార్టర్సూ పోతుంది, క్లబ్బు సభ్యత్వమూ పోతుంది. అంటే ఆ ఏటి పోటీయే ఆఖరి అవకాశం.

శనివారం సాయంత్రం వాళ్ళింట్లో చేపల పులుసు తింటున్నాను. అప్పలస్వామి గారు ఉన్నట్టుండి అడిగారు.

"బావూ, నీకు గోల్ఫాట వచ్చేటి?"

"రాదండి బాబాయి గారూ."

"సానా మంచిది. వచ్చినోడైతే నన్ను ఓడించాలని సూత్తాడు. రేపు నువ్వు నాతో రా."

సంగతేమిటంటే, ఆయనతో జంటగా ఆడాల్సిన దాస్ బాబుకి నడుం పట్టేసింది. పోటీలో ఒంటరిగా ఆడితే చెల్లదు. పక్కన ఇంకొకడు ఆడుతూ ఉండాలి, దెబ్బలు లెక్కపెట్టాలి.

"నువ్వు కొట్టినా నాకు పట్టదు, కొట్టకపోయినా పట్టదు. కర్రట్టుకుని పక్కన నడిస్తే సాలు," అన్నారు.

వరాలమ్మ గారు నా కంచంలో ఇంకో ముక్క వేస్తూ అడ్డం పడ్డారు. "సదూకున్న బాబు. పాపం ఎండలో తిప్పుతావేటి?"

"ఆడితో పాటు నువ్వూ రావాల. పన్నెండు గంటలకి క్లబ్బుకి రా. పట్టుసీర కట్టుకుని రా."

"ఛీ, నానెందుకు? ఆ మేమ్‌సాబుల మద్దెన?"

"నా పేరు సదువుతుంటే ఇనవేటి మరి?"

వరాలమ్మ గారు మూతి తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. కానీ కాసేపటికి లోపల్నుంచి ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది.

ఆ ఆట గురించి మీకు కొంచెం చెప్పాలి. తొమ్మిదేసి హోల్స్, అంటే గోతులు, రెండు చుట్లుగా ఆడాలి; ఎవడు తక్కువ దెబ్బల్లో బంతిని అన్నిట్లోనూ పడేస్తే వాడిదే గెలుపు. గోల్ఫ్ అంటే కొట్టడం తక్కువ, నడవడం ఎక్కువ, నిలబడి చూడడం అన్నిటికంటే ఎక్కువ. ముందున్నవాళ్ళు ఆడేదాకా వెనకున్నవాళ్ళు ఆగాలి. ఒకడు నెమ్మదిస్తే వాడి వెనక మైదానమంతా ఆగిపోతుంది. పూర్వం ఆ క్లబ్బులో కొందరు పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం టీ వేళకి కూడా తెమిలేవారు కాదట. విసిగిపోయిన సెక్రటరీ ఒకాయన గట్టి నిబంధన పెట్టాడు. మధ్యాహ్నం కర్మాగారం సైరన్ కూసేలోగా ఆట ముగించాలి. ఒక్క బంతి మిగిలినా సరే, దెబ్బల లెక్క రాసిన కార్డు చెల్లదు.

ఇంకొక మర్యాద కూడా ఉంది. మనం మరీ నెమ్మదిగా ఉండి, వెనక వాళ్ళు మన మడమలు తొక్కుతూ నిలబడితే, పక్కకి జరిగి వాళ్ళని ముందుకి పంపాలి. దారివ్వడం అంటారు. నా కొంప ముంచింది, కాదు, అప్పలస్వామి గారి కొంప ముంచింది ఈ మర్యాదే.

ఆదివారం తెల్లారగానే మైదానం దగ్గర ఆయన నాకు ఒకే ఒక్క పాఠం చెప్పారు.

"సూడు బావూ. నాను బంతి సూత్తాను, ముందుకి సూత్తాను. ఎనక్కి మాత్రం సూడను. ఎనక ఎవులున్నారో సూసినానంటే సెయ్యి వణుకుద్ది. అందరూ మన పైవోలే కదా. ఎనక సంగతి నీది. మరీ ఇబ్బంది పడతన్నారంటేనే దారియ్యి. నేకపోతే ఒద్దు. సమజయిందా?"

"అయిందండి," అన్నాను. ఏమీ కాలేదని మీకు కాసేపట్లో తెలుస్తుంది.

ఆయన ముందే సెక్రటరీని బతిమాలి పొద్దున్నే మొదలుపెట్టే వరస తీసుకున్నారు. మాకు ముందు రెండే జట్లు. పెద్ద పెద్ద ఆఫీసర్లు తీరిగ్గా టిఫిన్లు చేసి మా తరవాత వస్తారు. సైరన్ కంటే బాగా ముందే ముగించెయ్యొచ్చు. లెక్క అంతా సరిగ్గానే ఉంది, అందులో నేనున్నాననేది తప్ప.

అప్పలస్వామి గారి మొదటి దెబ్బ నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. పొట్టి మనిషి, బొద్దు మనిషి. కర్ర ఊపితే బంతి గీత గీసినట్టు తిన్నగా పోయింది. తరవాత నా వంతు. నేను ఊపినప్పుడు పెద్ద మట్టిబెడ్డ లేచి అల్లంత దూరాన పడింది. బంతి ఉన్నచోటే ఉంది. మా సంచులు మోస్తున్న మంగ్రా, అరవయ్యేళ్ళవాడు, మట్టిబెడ్డ వైపు చూసి "అచ్ఛా మారా," అని, బాగా కొట్టావని మెచ్చుకున్నాడు.

అలా మూడు హోల్స్ గడిచాయి. నా బంతి తుప్పల్లో వెతుకుతుంటే వెనక మెహతా సాబ్ జట్టు వచ్చి నిలబడింది. మెహతా సాబ్ అంటే మా డివిజన్ చీఫ్. వెంటనే చెయ్యూపి, దారి వదిలి, నడుం వంచి, "ముందు మీరు వెళ్ళండి సార్!" అన్నాను. ఇంతవరకూ తప్పు లేదు. నిజంగానే మేం నెమ్మదిగా ఉన్నాం, వాళ్ళు నిజంగానే ఆగిపోయారు. అప్పలస్వామి గారు కూడా టోపీ తీసి పక్కన నిలబడ్డారు.

మెహతా సాబ్ నా ముందు నుంచి వెళ్తూ ఆగారు. "థాంక్యూ, యంగ్ మ్యాన్. క్యా నామ్ హై తుమ్హారా?"

"కామేశ్వరరావు సార్! రోలింగ్ మిల్ ట్రైనీ సార్!"

"రావ్. గుడ్. వెరీ గుడ్ మేనర్స్, రావ్."

అంతే. నా బుర్ర అక్కడే పాడైపోయింది. ఏడాది పాటు మిల్లులో చెమటోడిస్తే అడగని పేరు ఇక్కడ పక్కకి జరిగితే అడిగారు! ఉద్యోగం ఖాయం కావాలంటే రోలింగ్ మిల్లులో ఉండడమేమిటి, ఈ తుప్పల పక్కన నిలబడితే చాలదా? నా వెనక ఇంకా ఎంతమంది పెద్దవాళ్ళున్నారో అని తొంగిచూశాను. వరసగా ఉన్నారు. నా నోట్లో నీళ్ళూరాయి. ఇది రాస్తుంటే నా చెవులు వేడెక్కుతున్నాయి. అయినా దాచను.

తరవాత వచ్చినది చటర్జీ సాబ్ జట్టు. వాళ్ళేమీ మా మడమలు తొక్కలేదు. వెనక చెట్టు కింద నిలబడి చక్కగా మజ్జిగ తాగుతున్నారు. నేనే వెనక్కి నడిచి వెళ్ళాను.

"సార్, రండి సార్. ముందు మీరు వెళ్ళండి సార్."

చటర్జీ సాబ్ తికమక పడ్డారు. "మీరు మాకంటే ముందున్నారు కదా?"

"అందుకే సార్. నేను ముందుండి మీరు వెనకుంటే ఏం బావుంటుంది సార్?"

ఆయనకి నా తర్కం అర్థం కాలేదు కానీ మర్యాద అర్థమైంది. మజ్జిగ గ్లాసు కింద పెట్టి వచ్చారు. అప్పలస్వామి గారు, వెనక్కి చూడని మనిషి, ముందుకే చూస్తూ అడిగారు.

"ఎవులు బావూ?"

"చటర్జీ సాబ్ అండి. చాలా తొందరలో ఉన్నారు."

చూశారా, ఎంత తేలిగ్గా వచ్చేసిందో అబద్ధం! ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "పెద్దోలు. తొందరేమో. పోనీ," అని టోపీ తీసి పక్కకి జరిగారు.

ఇక నన్ను పట్టుకునేవాడు లేడు. బంతి పడాల్సిన గొయ్యి చుట్టూ పచ్చిక ఉంటుందని మీరు అనుకోవచ్చు. అక్కడ అప్పట్లో పచ్చిక లేదు, పాత నూనె కలిపిన ఇసుక ఉండేది, దాన్ని బ్రౌన్ అనేవారు. దాని మీద నడిస్తే అడుగుల గుర్తులు పడతాయి కాబట్టి ఆడినవాళ్ళు వెళ్ళేముందు గోనెపట్టా లాగి చదును చెయ్యాలి. చటర్జీ సాబ్ జట్టు ఆడి వెళ్ళగానే నేను పరిగెత్తి వాళ్ళ పట్టా లాగాను. ఆయన నా వీపు తట్టి పేరడిగారు. ఆ తరవాత వచ్చిన జట్టుకి ముందే పట్టా లాగి పెట్టాను. వాళ్ళూ పేరడిగారు. ఆ లాగడంలోనే కాలు జారి ఇసుకలో బోర్లా పడ్డాను. ముక్కు నిండా నూనె వాసన. లేచి, ముక్కు తుడుచుకోకుండానే నమస్కారం పెట్టాను.

నా బంతులు ఇప్పుడు కావాలనే తుప్పల్లోకి పోతున్నాయి. కావాలని కొట్టినా అంత బాగా పోవు కానీ, ఆ రోజు పోయాయి. వెతికినంతసేపు వెతకడం, ఈలోగా ఎవరో ఒకరు వస్తే పంపించడం. మంగ్రా బీడీ వెలిగించుకుని అన్నాడు, "బాబూ, యే గోల్ఫ్ హై కి బారాత్ హై?" ఆ పెళ్ళి ఊరేగింపులో మేం తప్ప అందరూ ముందుకి నడుస్తున్నారు మరి.

ఇదంతా జరుగుతున్నా అప్పలస్వామి గారి ఆట చెడలేదు సుమండీ. అదే నా పాపాన్ని పెంచింది. ఆగిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని నిలబడేవారు. దారి ఖాళీ కాగానే వచ్చి, బంతిని గొయ్యి పక్కన దింపేవారు. మొదటి చుట్టు ముగిసేసరికి ఆయన కొట్టిన దెబ్బలు చూసి నాకే నమ్మకం కుదరలేదు. ముందు వెళ్ళిన ఏ సాబూ ఆయన దరిదాపుల్లో లేడు.

రెండో చుట్టు మొదట్లో ఆయన నా భుజం మీద చెయ్యేశారు.

"బావూ, నాకు బయమేత్తంది. ఇంత బాగా ఎప్పుడూ ఆడనేదు. ఈయాల బోర్డెక్కిపోతానేమో."

"తప్పకుండా ఎక్కుతారండి."

"మా అయ్యుంటే బాగుణ్ణు. టైమెంతయింది?"

చూసుకున్నాను. అనుకున్నదానికంటే చాలా ఆలస్యమైంది. కానీ ఆ పక్కనుంచే ఇంకో సాబ్ వస్తున్నాడు. "బోలెడుందండి," అన్నాను.

ఇలా మూడో జట్టుగా బయల్దేరినవాళ్ళం పదహారో హోల్ దగ్గరికొచ్చేసరికి మైదానంలో చివరి నుంచి రెండో జట్టయ్యాం. మా వెనక మిగిలింది ఒక్క జట్టే. అందులో సిన్హా సాబ్ ఉన్నారు. ట్రైనీల ఉద్యోగాలు ఖాయం చేసే ఆఖరి సంతకం ఆయనది. మా హాస్టల్లో ఆయన పేరు వింటేనే లేచి నిలబడేవాళ్ళం.

గడియారం చూస్తే అప్పటికి ఇంకా పరవాలేదు. గబగబా ఆడితే మూడు హోల్సూ సైరన్‌కి ముందే అయిపోతాయి. ఎక్కడా ఆగకూడదు, అంతే.

అప్పలస్వామి గారు ముందుకే చూస్తూ అడిగారు. "ఎనక ఎవులైనా ఉన్నారా?"

"సిన్హా సాబ్ అండి."

ఆయన గొంతు తగ్గించారు. నేను ఆయన నోట అంతకు ముందెప్పుడూ వినని మాట అన్నారు. "బావూ. ఈ ఒక్కసారికి ఒద్దు. ఆయన ఎంత పెద్దోడైనా సరే. నీ కాళ్ళట్టుకుంటాను, ఈ ఒక్కసారికి దారియ్యకు."

నేను ఏం చేశానో తెలుసా? ఆయన మాట పూర్తయ్యేసరికే నా చెయ్యి గాల్లో ఉంది. ఊగుతోంది. నా నోరు అప్పటికే అనేసింది, "సార్! ముందు మీరు వెళ్ళండి సార్!"

చెయ్యి దించొచ్చు. "పొరపాటు సార్" అనొచ్చు. దించలేదు, అనలేదు. సిన్హా సాబ్ నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు నా సర్వీసంతటికీ సరిపోతుందనిపించింది. అప్పలస్వామి గారు టోపీ తీశారు. పక్కకి జరిగారు. నావైపు చూడలేదు.

ఇక్కడే దేవుడు నాకు తగిన శాస్తి చేశాడు. తొందరలో ఉన్నారని నేను పంపించిన సిన్హా సాబ్ ఆ ఊరి మొత్తానికి నెమ్మది ఆటగాడు. బంతి దగ్గరికి రావడానికి కొంతసేపు. కర్ర మార్చడానికి కొంతసేపు. గాలి ఎటు వీస్తోందో చూడడానికి గడ్డి తుంచి ఎగరేస్తారు. గాలి లేదు. గడ్డి కాళ్ళ మీద పడుతుంది. మళ్ళీ తుంచుతారు. బ్రౌన్ దగ్గర గొంతుక్కూర్చుని, మా మిల్లులో ఇనప కడ్డీ వంకర చూసినట్టు, ఒక కన్ను మూసి ఇసుకని పరీక్షిస్తారు. అవతలి వైపుకి వెళ్ళి అక్కణ్ణించి పరీక్షిస్తారు. ఇలాంటివాళ్ళు ఆ జట్టులో నలుగురు.

మేం వెనక నిలబడ్డాం. పెద్దాయన్ని తొందరపెట్టడానికి వీల్లేదు. తిరిగి మాకు దారివ్వమని అడగడానికి నోరు రాదు. అప్పలస్వామి గారు కర్ర మీద పిడికిలి బిగించి, విప్పి, బిగించి, విప్పి. చొక్కా వీపుకంటుకుపోయింది. నేను గడియారం వైపు చూడడం మానేశాను, చూస్తే అది ఆగుతుందా?

ఆఖరి హోల్ దగ్గర సిన్హా సాబ్ జట్టు ముగించి, కార్డులిచ్చి, చేతులు కలుపుకుని వెళ్ళింది. అప్పలస్వామి గారు పరుగులాంటి నడకతో వచ్చారు. ఒక దెబ్బ, రెండు దెబ్బలు, బంతి బ్రౌన్ మీద. గొయ్యికి జానెడు దూరంలో. దాన్ని తట్టితే చాలు. ఆయన వంగారు.

సైరన్ కూసింది.

అది ఊరంతా వినబడే సైరన్. బిష్టుపూర్ బజార్లో గడియారాలు సరిచేసుకునే సైరన్. ఆయన వంగినవారు వంగినట్టే ఉండిపోయారు, కూత ఆగేదాకా. తరవాత నెమ్మదిగా బంతిని తట్టారు. అది గోతిలో పడింది. ఆ ఆట గెలిచే ఆట. ఎవరి మీదైనా సరే.

అప్పుడు, ఆ పూట మొదటిసారిగా, ఆయన వెనక్కి తిరిగి చూశారు. మైదానమంతా ఖాళీ.

"ఎనక ఎవులూ నేరేటి బావూ?"

"లేరండి," అన్నాను. "అందరూ ముందే ఉన్నారు."

క్లబ్బు హాల్లో వరాలమ్మ గారు మూలగా ఒక కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. ఆకుపచ్చ పట్టుచీర, తల్లో పువ్వులు. మమ్మల్ని చూడగానే లేచారు. "అయిపోయిందేటి?" అన్నారు. ఆయన "అయిపోయింది," అన్నారు. అబద్ధం కాదు.

సెక్రటరీ లేచి మెడల్ విజేత పేరు చదివాడు. సిన్హా సాబ్! ఆయన దెబ్బలు అప్పలస్వామి గారి దెబ్బల కంటే చాలా ఎక్కువ. కానీ ఆయన కార్డు సైరన్‌కి ముందు చేరింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పలస్వామి గారు కూడా. నేను భూమిలోకి పోదామనుకున్నాను, కానీ సిమెంటు గచ్చు.

ఇంతటితో అయిపోయిందనుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. సిన్హా సాబ్ మైకు అందుకున్నారు. "ఈ రోజు మైదానంలో ఒక కుర్రాడు మమ్మల్నందర్నీ ముందుకి పంపించాడు. అతను లేకపోతే మేం సైరన్‌లోగా ముగించేవాళ్ళమే కాదు. ఇలాంటి మర్యాద ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? కమిటీ అతనికి ప్రత్యేక బహుమతి ఇస్తోంది. అతని పేరు కూడా బోర్డు మీద, కింద చిన్న అక్షరాలతో రాయించాలని నా కోరిక."

సెక్రటరీ నా పేరు పిలిచాడు.

అప్పలస్వామి గారే నా వీపు మీద చెయ్యేసి ముందుకి నెట్టారు. "ఎల్లు బావూ. పెద్దోలు పిలుత్తున్నారు." వెళ్ళాను. నాకో స్టీలు ట్రే ఇచ్చారు. వెనకనుంచి అందరికంటే గట్టిగా ఒక జత చేతులు చప్పట్లు కొడుతున్నాయి. అవి ఎవరివో తిరిగి చూడక్కర్లేదు. ఇరవైనాలుగేళ్ళవాణ్ణి, అంతమంది ముందు ఏడుపొచ్చింది. అది ఆనందబాష్పాలనుకుని సిన్హా సాబ్ నా బుగ్గ తట్టారు.

వరాలమ్మ గారికి ఆ ఇంగ్లీషులో నా పేరొక్కటే అర్థమైంది. బయటికొచ్చాక భర్త చెవిలో అడిగారు. "బోర్డు మీద మన బాబు పేరు రాత్తారటేటి?"

"రాత్తారట."

"పోన్లే. మీ ఇద్దర్లో ఒకలది ఎక్కింది కదా. సాలు."

ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో పరమాన్నం. ఆయన గెలుస్తారని పొద్దున్నే వండి పెట్టారావిడ. కంచం ముందు కూర్చునే అన్నీ చెప్పేశాను. ఎవరూ తొందరలో లేరని, నేనే పిలిచి పిలిచి పంపానని, నా పేరు వాళ్ళకి తెలియాలని చేశానని. వరాలమ్మ గారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

అప్పలస్వామి గారు చాలాసేపు పరమాన్నంలో జీడిపప్పు ఏరుకున్నారు.

"చటర్జీ సాబుకి తొందరేటి? ఆయన జల్దీగా నడిచింది నానెప్పుడూ సూడనేదు. నాకు తెలీదేటి బావూ?"

"తెలిసి మరి ఎందుకు పక్కకి జరిగారండి?"

"అలవాటు. నీకు ఏడాది అలవాటు, నాకు పుట్టుక అలవాటు." ఆయన నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. "ఉజ్జోగమంతా మరియాదే సేసినాను. ఎవులూ నాకో పళ్ళెం ఇయ్యనేదు. నీకు ఒక్క పూటకే ఇచ్చినారు. నువ్వు పైకొత్తావు బావూ."

వరాలమ్మ గారు మాత్రం నవ్వలేదు. నా కంచంలో పరమాన్నం వేశారు, కానీ ఎప్పటిలా రెండోసారి అడగలేదు. నాకు అదే చాలా న్యాయంగా అనిపించింది.

తరవాత నా ఇంటర్వ్యూలో సిన్హా సాబ్ కాగితాల్లోంచి తలెత్తి, నన్ను ఎగాదిగా చూసి, "నీ పేరేమిటి?" అన్నారు. గుర్తుపట్టలేదు. ఉద్యోగం మాత్రం ఖాయమైంది. ఎలాగో తరవాత మెహతా సాబ్ గుమాస్తా చెప్పాడు. పోటీకి చాలా ముందే అప్పలస్వామి గారు మెహతా సాబ్ గది బయట గంటలకొద్దీ నిలబడి, వచ్చిన ప్రతివాణ్ణీ ముందు వెళ్ళనిచ్చి, చివర్న లోపలికెళ్ళి నా గురించి మంచి మాట చెప్పి వచ్చారట. అంటే నేను ఇసుకలో పొర్లాడే నాటికే నా పని అయిపోయింది. ఆయన పని చెడగొట్టడం ఒక్కటే నాకు మిగిలింది.

కాబట్టి యావన్మందికీ తెలియజేసుకునేదేమనగా, కామేశ్వరరావు అనే నేను, తూర్పు ముఖంగా నిలబడి, ఒట్టు పెట్టి చెబుతున్నాను. బస్సులో గానీ, రేషన్ క్యూలో గానీ, పెళ్ళి పంక్తిలో గానీ, ఆఫీసు గుమ్మంలో గానీ, వెనక వస్తున్నది ఎంతటి సాబైనా సరే, ఇక ఈ జన్మలో "ముందు మీరు వెళ్ళండి సార్" అనను. కాలు అడ్డంగా పెట్టి నిలబడతాను. తిట్టనీ, తొయ్యనీ, పేరడిగి పై అధికారికి ఫిర్యాదు చెయ్యనీ. ఒకవేళ పక్కకి జరగాల్సే వస్తే, ముందు ఆ జరగడంలో నాతో పాటు ఇంకెవరి టోపీ తియ్యాల్సొస్తుందో చూసుకుంటాను.